పూతరేకులమ్మే సైటు

చి. అమ్మలుకి,

నువ్వు పంపిన లింకు చూశాను. నా ఫోన్‌లో ఒకసారి, మీ పెద్దమ్మ పాత ఫోన్‌లో ఒకసారి, చివర్న కంప్యూటర్‌లో. చదువు పూర్తికాకుండానే ఆత్రేయపురం పూతరేకుల ఆవిడ నిన్ను నమ్మి తన సైటు పని చేతిలో పెట్టిందంటే సంతోషమే. రంగులు కూడా బాగా కుదిరాయి. పొగడ్తలు ఇక్కడితో ఆపి, ఆ సైటు వల్ల ఆవిడకి ఎక్కడెక్కడ బేరం పోతుందో చెప్తాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

తెరవగానే ఏం కనిపిస్తోంది? గోదావరి మీద సూర్యోదయం. దానిమీద "సంప్రదాయ మధురిమల సమాహారం" అని పెద్ద పెద్ద అక్షరాలు. చూస్తుండగానే అది పక్కకి జరిగి కొబ్బరితోట వచ్చింది. ఆ తర్వాత ఆవిడ అత్తగారి ఫొటో. నాలుగో బొమ్మకి గాని పూతరేకు దర్శనమివ్వలేదు. గుమ్మంలోకొచ్చి "పెట్టె ఎంతండీ" అన్నవాణ్ణి కూర్చోబెట్టి వంశవృక్షం చెప్పినట్టుంది.

హైదరాబాద్‌లో కూర్చుని సైటు తెరిచినవాడికి పూతరేకులంటే ఏమిటో తెలుసు. గోదావరీ తెలుసు. వాడికి తెలియనివి వేరే ఉన్నాయి. బెల్లంవా, పంచదారవా? పెట్టెకి ఎన్ని వస్తాయి? ఎన్నాళ్లు నిలవుంటాయి? కొరియర్‌లో పొడిపొడి అయిపోవు కదా? మా పిన్‌కోడ్‌కి పంపుతారా, ఎప్పటికి అందుతాయి, అన్నీ కలిపి ఎంతవుతుంది? వీటిలో ఒక్కదానికీ నీ మొదటి తెర మీద జవాబు లేదు. నిలవ సంగతైతే సైటు మొత్తం వెతికినా దొరకలేదు. వ్యాపారం సైట్లలో నేను చూసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ జాతివే. యజమాని చెప్పుకోవాలనుకున్నది ముందుకొస్తుంది, కొనేవాడు అడగాలనుకున్నది వెనక్కి పోతుంది. చూపుకి ఎంత అందంగా ఉన్నా ఆ వరస మారకపోతే లాభం లేదు.

సూర్యోదయం తీసెయ్. ఒక్క ఫొటో, దాని కింద ఏ రకమో, ఎన్నో, ఎంతో, ఒక బొత్తాం. అంతే మొదటి తెర. జరిగే బొమ్మలు పెట్టమని ఆవిడే అడిగి ఉంటుంది, అందరూ అడుగుతారు. అమెరికాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం వెబ్ విభాగంలో పనిచేసిన ఎరిక్ రన్యన్ 2013లో తమ సైటు లెక్కలు బయటపెట్టాడు. ఆ జరిగే బొమ్మల్ని నొక్కింది వచ్చినవాళ్లలో నూటికి ఒక్కరు. ఆ ఒక్కరిలోనూ అత్యధికులు నొక్కింది మొదటి బొమ్మనే. ఆవిడకి ఇది చెప్పు. అత్తగారి ఫొటో "మా గురించి" పేజీలో పెడతానని కూడా చెప్పు, లేకపోతే ఒప్పుకోదు.

ఫొటో సంగతికొస్తే, తెల్లటి పూతరేకుని తెల్లటి పళ్లెంలో పెట్టి, తెల్లటి నేపథ్యం మీద తీశావు. ఏముంది అక్కడ? అరిటాకు మీద పెట్టి, పక్కనించి వెలుగు పడేలా తియ్యి. పొరలు కనిపించాలి. ఒకటి విరిచి లోపలి బెల్లం, నెయ్యి చూపించు. ఒక ఫొటోలో చెయ్యి కూడా ఉంటే సైజు తెలుస్తుంది. మూత తీసిన పెట్టె ఫొటో మరొకటి ఉండాలి, నలిగిపోతాయేమోనన్న భయం మాటలతో పోదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి లాగితే రేకు లేచి వస్తుందే, ఆ వీడియో బంగారం. అది మాత్రం కిందెక్కడో ఉండాలి, నొక్కితేనే ఆడాలి. సైటు తెరవగానే సన్నాయి మోగితే బస్సులో ఉన్నవాడు కంగారుపడి మూసేస్తాడు.

ఆ ఫొటోలు ఫోన్‌లోంచి తీసినవి తీసినట్టే ఎక్కించావు. ఒక్కోటి నాలుగు ఎంబీలు. మీ పెద్దమ్మ ఫోన్‌లో అది తెరుచుకునేలోపు ఆవిడ వంటింట్లోకి వెళ్లి వచ్చింది. లండన్‌లో బూ డాట్ కామ్ అని బట్టల సైటు ఉండేది, 1999 నవంబర్‌లో మొదలైంది. జనం ఇళ్లలో టెలిఫోన్ తీగ మీద నత్తనడక ఇంటర్నెట్ ఉన్న రోజుల్లో, గుండ్రంగా తిరిగే బొమ్మలూ మాట్లాడే గుమాస్తా బొమ్మా పెట్టారు. కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, 2000 మే నెలలో మూసేశారు. మూతపడ్డానికి వేరే కారణాలూ ఉన్నాయనుకో, కానీ సైటు తెరుచుకోక విసుగెత్తి వెళ్లిపోయినవాళ్ల సంగతి అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. ఫొటోలు వెబ్‌పీలోకి మార్చి, ఒక్కోటి 150 కేబీ దాటకుండా చూడు. పేజీలో ప్రధానమైన బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలత. ప్రతి బొమ్మకీ వెడల్పు, ఎత్తు కోడులో రాయి. రాయకపోతే బొమ్మ ఆలస్యంగా వచ్చి మిగతాదాన్ని కిందికి తోసేస్తుంది. నేను బెల్లంవి నొక్కబోతే పంచదారవి పడ్డది అందుకే.

ఇక తెలుగు. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నీకు పాఠం చెప్పే వీడియోలన్నీ ఇంగ్లిషు అక్షరాల కోసం చేసినవి. ఆవిడ పాత కరపత్రం యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉందని, కాపీ చేస్తే పిచ్చిగీతలొస్తున్నాయని, దాన్ని ఫొటోగా పెట్టేశావు. గూగుల్‌కి అది కంటికానదు. చూపులేనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. పెద్దది చేసి చూస్తే మసక. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక ఒకసారి చదివి దిద్దుకో, అక్కడక్కడా పొల్లులు తేడా చేస్తాయి. పేజీ భాష తెలుగు అని కోడులో చెప్పడం మరవకు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి ఏ గొంతు ఎత్తుకోవాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

నీ బొత్తాం మీద "బుట్టలో వెయ్యండి" అని ఉంది. ట కింది ఒత్తూ, య కింది ఒత్తూ సగానికి తెగిపోయాయి, చూసుకున్నావా? ఇంగ్లిషుకి సరిపడే ఎత్తు బిగించి పెట్టేశావు కాబట్టి. మన లిపి పైకి గుడులూ తలకట్లూ, కిందికి ఒత్తులూ పరుచుకునేది. బొత్తానికి ఎత్తు బిగించకు, పైనా కిందా ఖాళీ ఇచ్చి వదిలెయ్. పేరాల్లో లైన్ హైట్ 1.7 దగ్గర మొదలుపెట్టి, పై వరస ఒత్తు కింది వరస గుడికి తగలడం మానేదాకా పెంచు. అక్షరం సైజు 18 కంటే తగ్గించకు. ఇంగ్లిషుకి 16 చాలేమోగాని, "క్ష్మ" లాంటిది ఆ సైజులో చుక్కలా కనిపిస్తుంది. వాలు అక్షరాలు తీసెయ్. చాలా తెలుగు ఫాంట్లలో వాలుది విడిగా గీసి ఉండదు, బ్రౌజరే నిలువు అక్షరాన్ని బలవంతంగా వంచేస్తుంది. లేత బూడిదరంగు మాటలు మీగడరంగు మీద పెట్టావు. మామూలు సైజు అక్షరాలకి, నేపథ్యానికి మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. కొలిచే పనిముట్లు బ్రౌజర్‌లోనే ఉన్నాయి. ఎండలో బయట నిలబడి నీ ఫోన్‌లో చదివి చూడు, కొలతక్కూడా అక్కర్లేదు.

మరో మాట. మూడు రకాల తెలుగు ఫాంట్లు దించావు. గుణింతాలకీ సంయుక్తాక్షరాలకీ విడివిడిగా రూపాలు గీయాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు బరువుగా ఉంటుంది. శీర్షికకి రామభద్రో, ఎన్‌టీఆరో ఒకటి ఉంచి, పేరాలకి నోటో శాన్స్ తెలుగు వాడుకో. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది ఎలాగూ ఉంటుంది.

ఆర్డరు ఫారం దగ్గర నాకు నిజంగానే విసుగొచ్చింది. ముందు ఖాతా తెరవమంది. ఎందుకూ? జారెడ్ స్పూల్ అనే అమెరికన్ నిపుణుడు 2009లో రాసిన కథ ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. పేరు చెప్పని ఒక పెద్ద దుకాణం సైట్లో, డబ్బు కట్టేముందు లాగిన్ అవమనో, ఖాతా తెరవమనో అడిగేవారు. కొత్తవాళ్లు చిరాకుపడేవాళ్లు, పాతవాళ్లు పాస్‌వర్డ్ మరిచిపోయేవాళ్లు. ఖాతా తెరవమనే బొత్తాం తీసి, అది లేకుండానే ముందుకెళ్లొచ్చని రాస్తే, కొనేవాళ్లు 45 శాతం పెరిగారు. మొదటి ఏడాదిలో అదనంగా వచ్చింది 30 కోట్ల డాలర్లు. పండక్కో పబ్బానికో ఒక పెట్టె తెప్పించుకునేవాడికి పాస్‌వర్డ్ ఎందుకమ్మా. ఫోన్ నంబరు చాలు.

తర్వాత "మొదటి పేరు", "చివరి పేరు" అని రెండు గళ్లు, రెండూ తప్పనిసరి. మనలో ఇంటిపేరు ముందుంటుంది. కొందరికి అది ఒక్క అక్షరమే. కొందరు అసలు రాయనే రాయరు. ఒక్క అక్షరం రాస్తే నీ ఫారం ఎర్రబడి "సరైన పేరు ఇవ్వండి" అంది. నా పేరు సరైనది కాదనడానికి అదెవరు? "పూర్తి పేరు" అని ఒకే గడి పెట్టు. చిరునామాలో "గుర్తు" అని ఒక గడి ఉండాలి, రామాలయం ఎదురుగా అనో, వాటర్ ట్యాంకు పక్కన అనో రాయకపోతే మన ఊళ్లలో కొరియర్ కుర్రాడు ఎలా వస్తాడు? పిన్‌కోడ్ ఆరంకెలు కొట్టగానే ఊరూ జిల్లా వాటంతటవే నిండేలా చెయ్యి, కానీ దిద్దుకునే వీలుంచు. ఫోన్ నంబరు మధ్యలో ఖాళీ వదిలినా, ముందు 91 పెట్టినా తోసిపుచ్చకు, నువ్వే శుభ్రం చేసుకో. ఒక గడిలో తప్పొస్తే మిగతావన్నీ తుడిచేస్తోంది నీ ఫారం. మీ పెద్దమ్మ అక్కడే ఫోన్ పక్కన పెట్టేసింది.

ఆవిడ ఆర్డర్లలో డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో అమ్మానాన్నలకి పంపేవాళ్లు చాలామందే ఉంటారు. డబ్బు కట్టేది ఒకరు, అందుకునేది ఇంకొకరు. ఇద్దరి ఫోన్ నంబర్లకీ చోటు లేదు నీ దగ్గర. కట్టినవాడి విదేశీ నంబరుకే కొరియర్ వాళ్లు ఫోన్ చేస్తే, అమలాపురంలో తలుపు తీసేవాళ్లుండరు. యూపీఐ ఒక్కటే పెట్టావు, విదేశీ కార్డులు కూడా తీసుకునేలా పేమెంట్ గేట్‌వే వాళ్లతో మాట్లాడమను.

కొరియర్ ఖర్చు ఆఖరి తెర మీద బయటపెట్టావు. 300 రూపాయల పెట్టె అనుకుని అంతదూరం వచ్చినవాడికి 420 కనిపిస్తే మోసపోయాననుకుంటాడు, ఆవిడ ఎంత నిజాయతీగా తూచినా సరే. పిన్‌కోడ్ అడిగే గడి ధర పక్కనే పెట్టు. ఇంకొకటి. "ఇంకా 2 పెట్టెలే మిగిలాయి" అని ఎర్రగా మెరుస్తోంది, రెండో రోజు చూసినా రెండే. ఏదో టెంప్లేట్‌తో వచ్చిందనుకుంటాను. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి పదమూడు మాయల్ని పేరుపెట్టి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, ఖర్చు చివర్న బయటపెట్టడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

చట్టం మాట వచ్చింది కాబట్టి: 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు వినే అధికారి పేరు, ఫోన్ సైట్లో ఉండాలి. ఇంట్లో ఎవరో ఒకరి పేరు పెట్టమను, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తీర్చాలి. ఆహారం కనుక ఎఫ్ఎస్ఎస్ఏఐ పద్నాలుగంకెల నంబరు వెయ్యి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ ముద్ర వాడాలంటే ఆవిడ అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. ఉంటే గొప్పగా పెట్టు, లేకపోతే తీసెయ్.

మెనూని గుండ్రంగా తిప్పి కింద మూల దాచావు. నీ తెలివికి మెచ్చుకున్నాను, కానీ వెతుక్కోడానికి నాకు టైం పట్టింది. జనం తమ టైంలో ఎక్కువ భాగం వేరే సైట్లలోనే గడుపుతారని, కొత్తదీ అలాగే ఉండాలనుకుంటారని జేకబ్ నీల్సన్ ఎప్పుడో చెప్పాడు. బుట్ట కుడివైపు పైన ఉండనీ. వాట్సాప్ నంబరు బొమ్మలో ఉంది, నొక్కితే తెరుచుకునేలా మార్చు.

ఇవన్నీ దిద్దాక మళ్లీ నాకు పంపకు, నేను ఇప్పటికే చూసేశాను కాబట్టి పనికిరాను. ఎప్పుడూ చూడని ఐదుగురిని పట్టుకో. వాళ్లలో ఒకరు యాభై దాటినవాళ్లై ఉండాలి, ఒకరి ఫోన్ చవకది అయ్యుండాలి. "విజయవాడలో మీ అక్కయ్యకి శనివారంలోగా అందేలా ఒక పెట్టె బెల్లంవి పంపండి" అని ఫోన్ చేతికిచ్చి నోరు మూసుకుని కూర్చో. "కింద ఉంది చూడండి" అనబోతావు, అనకు. వాళ్లు ఎక్కడ ఆగారో, వెనక్కి ఎక్కడ నొక్కారో కాగితం మీద రాసుకో. ఇద్దరు ఒకేచోట ఆగితే ముందు అది మార్చు, మిగతావి తర్వాత.

ఆవిడ దగ్గర ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందో లేదో మాత్రం రేపే ఫోన్ చేసి అడుగు. లేకపోతే తెచ్చుకోడానికి టైం పడుతుంది, సంక్రాంతి ఆర్డర్లు ఈలోపే మొదలవుతాయి.

ఇట్లు,
మీ పెదనాన్న