కెమేరాలోని దృశ్యపద్ధతులు

తెగులు సోకిన ఆకును ఫోటో తీసి వ్యవసాయాధికారికి పంపుట నేడు వాడుకయైనది. ఫోటో మసకగా నున్నచో తెగులు తెలియదు, తగని మందు చల్లబడును, పెట్టుబడి వ్యర్థమగును.

కారంచేడు రైతుబిడ్డయగు కీర్తిశేషులు డి. రామానాయుడుగారు నెలకొల్పిన స్టూడియో హైదరాబాదు ఫిల్మ్‌నగరునందున్నది. సినిమా ఛాయాగ్రాహకులు కటకపు రంధ్రమును, వెలుతురు సోకు కాలమును స్వయముగా నిర్ణయింతురు. మనకు ఆ పనిని కెమేరాలోని ‘సీన్ మోడు’లే చేసిపెట్టును.

1. తల గుర్తు: మనుష్యులకు. రంధ్రము పెద్దదగును, ముఖము తేటగను, వెనుకభాగము మసకగను వచ్చును.

2. కొండల గుర్తు: రంధ్రము చిన్నదగును, గట్టు మొదలు చేను చివరవరకు తేటపడును. నీట మునిగిన పొలమును దీనితో తీయవలెను.

3. పువ్వు గుర్తు: మిగుల చేరువనున్న పురుగులకు, ఆకుమచ్చలకు. గాలి నిలిచినపుడు తీయవలెను.

4. పరుగెత్తు మనిషి గుర్తు: వెలుతురు సోకు కాలము మిక్కిలి స్వల్పమగును, పరుగిడు ఎడ్లు సైతము నిలిచినట్లు పడును.

5. చంద్రుని గుర్తు: రాత్రికి. కాలము దీర్ఘమగును గనుక కెమేరాను అరుగుపై కదలకుండ నుంచవలెను.

ఒక హెచ్చరిక. ఫోనులలో పోర్ట్రెయిట్ మోడు వెనుకభాగమును కృత్రిమముగా మసకపరచును. ఆకు అంచులును చెడవచ్చును. తెగులు ఫోటోకు దానిని వాడరాదు. ఆకును దగ్గరగా నొకటి, మొక్కయంతయు కనబడునట్లు వేరొకటి తీసి, రెండును పంపుడు.