గుత్తి సాలీడు, అలుగు: రెండు జీవులు చెప్పు పాఠము

రాత్రివేళ సంచరించి పురుగులను తిని బ్రతుకు రెండు ప్రాణులు మన నల్లమలలో గలవు. ఒకటి చెట్టు తొఱ్ఱలో నుండు సాలీడు. రెండవది నేలబొరియలో నుండు అలుగు. రెండును నశించు ప్రమాదములో నున్నవి. అయితే ఆ ప్రమాదమునకు కారణములు వేఱు. కావున రక్షణమార్గములును వేఱు. ఈ భేదమును పంచాయతీ సభ్యులు గుర్తింపవలెనని మేము కోరుచున్నాము.

గుత్తి రైల్వే కలప నిలువలో దొరికిన నీలివన్నె సాలీడును 1899 లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. పిమ్మట నూఱేండ్లు దాని జాడ తెలియలేదు. 2001 లో నంద్యాల, గిద్దలూరుల నడుమ నున్న అడవిలో అది తిరిగి కనబడినది. కలపతోపాటు రైలులో గుత్తికి చేరియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. దాని నివాసము నూఱు చదరపు కిలోమీటర్లకు లోపే. 2008 లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని మిక్కిలి ప్రమాదస్థితిలోనున్న జాతిగా ప్రకటించినది. ముదురుచెట్టు నఱికినచో దాని ఇల్లు పోవును. అందము చూచి పెంచుకొనువారికి అమ్ముటకై పట్టువారును గలరు.

అలుగు సంగతి వేఱు. ఇది మన దేశమందు అనేక ప్రాంతములలో నున్నది. దీనికి పండ్లు లేవు. పొడవైన నాలుకతో చీమలను, చెదలను తినును. ఆపద వచ్చినప్పుడు ఉండవలె చుట్టుకొనును. పులి పంటికి లొంగని ఆ ఉండను మనుష్యుడు చేతితో నెత్తి సంచిలో వేసికొనుచున్నాడు! పొలుసులు ఔషధమను నమ్మకమే దీని ప్రాణముల మీదికి తెచ్చినది. ఆ పొలుసులు మన గోళ్లవంటి పదార్థమే. వానికి ఔషధగుణము లేదు. ఆడుది సాధారణముగా ఒకసారికి ఒక పిల్లనే కనును గావున పోయిన సంఖ్య త్వరగా పూడదు.

కావున సాలీడునకు కావలసినది చెట్టు. అలుగునకు కావలసినది వేటగాని నుండి రక్షణ. ఒకదానికి చేయు మేలు రెండవదానికి చాలదు.

ఇందు పంచాయతీలు చేయదగినది యేమి? 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి జీవవైవిధ్య కమిటీ నేర్పఱచి, గ్రామములోని ప్రాణులను పట్టికలో వ్రాయింపుడు. తొఱ్ఱలున్న ముదురుచెట్లను నఱుకనీయకుడు. క్రొత్తవారు అలుగునకు ధర చెప్పినచో అటవీశాఖకు తెలుపుడు. 1972 నాటి వన్యప్రాణి చట్టము క్రింద అలుగును చంపినవానికి మూడు నుండి ఏడేండ్ల చెఱ గలదు. ఆశపడి సంచి మోసిన పేదవాడే తఱచు పట్టుబడును. ఆ మాటను మీ గ్రామసభలో ముందుగా చెప్పుట మీ ధర్మము.