నాలుగేళ్ల పిల్లతో జింజా వెళ్లినప్పుడు

2004లో ఉగాండాలోని జింజాలో శుక్లాల ఆపరేషన్ల క్యాంపుకి మూడు వారాలు వెళ్లాను. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. పిల్లల్ని వెంటబెట్టుకుని అలాంటి సేవకి వెళ్లాలనుకునే చిన్న డాక్టర్లు ఇప్పుడు నన్ను సలహా అడుగుతూంటారు. వెళ్లండి. నేను చేసిన తప్పులు మాత్రం చేయకండి.

1. బిడ్డ కోసమే ఒక మనిషి మీతో రావాలి. "అక్కడ ఎవరో ఒకరు చూస్తారులే" అనుకున్నాను నేను. క్యాంపులో ఖాళీగా ఉండే మనిషంటూ ఉండరు. మొదటిరోజు ఒక పెద్దాయన కంట్లోంచి శుక్లం తీస్తుండగా బయట నా పిల్ల ఏడుపు వినపడింది. తెరిచిన కన్ను వదిలి లేవలేను. కుట్లు పూర్తయ్యేదాకా చేయి వణకకుండా ఎలా నిలబెట్టుకున్నానో నాకే తెలుసు. అది ఆ రోగికీ అన్యాయమే, నా బిడ్డకీ అన్యాయమే. మావారిని రమ్మందామంటే ఆయన ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోలేదు. చివరికి పొద్దుటిపూట మాత్రమే ఆపరేషన్లు పెట్టుకున్నాను. ఆ పూట మా నర్సు వాళ్లక్క పిల్లని గుడ్డతో వీపుకి కట్టుకుని తిప్పేది.

2. టీకా ముందు, టిక్కెట్టు తర్వాత. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. మేము హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేయించుకున్నాం. ఆ సర్టిఫికెట్ రాసిచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలో 6 రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. 9 నెలలు నిండని పసివాళ్లకి ఈ టీకా మామూలుగా వేయరు. అంత చిన్నబిడ్డ ఉంటే ఆ ప్రయాణం వాయిదా వేసుకోండి.

3. బయట ఆరేసిన ప్రతి బట్టా ఇస్త్రీ చేయాలి, లోపలి బట్టలతో సహా. పిల్ల నడుం మీద రెండు గడ్డలు లేస్తే సెగ్గడ్డలనుకుని మందు రాశాను. తగ్గలేదు. నర్సు వాళ్లక్క చూడగానే చెప్పేసింది, అక్కడొక ఈగ తడిబట్టల మీద గుడ్లు పెడుతుందట, పిల్లపురుగు చర్మంలోకి దూరుతుందట. వ్యాజిలిన్ దట్టంగా రాసి, గాలి కోసం పురుగు పైకి రాగానే నొక్కి తీసింది. నా చదువులో లేని సంగతి ఆమె చేతుల్లో ఉంది. కొత్తచోట అక్కడి తల్లుల్ని అడగడానికి మొహమాటపడకండి.

4. విక్టోరియా సరస్సు ఎంత ముచ్చటగా ఉన్నా పిల్లని నీళ్లలోకి దింపొద్దు. నత్తల్లో పెరిగిన బిల్హార్జియా పురుగు చర్మం గుండానే ఒంట్లోకి వెళుతుంది.

5. తిండికి బెంగపడక్కర్లేదు. అరటికాయల్ని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదిపే మటోకేలో కాస్త నెయ్యి వేస్తే మా పిల్ల మారాం చేయకుండా తినేది. ఓఆర్‌ఎస్ పొట్లాలు మాత్రం ఇంటినుంచే పట్టుకెళ్లండి.

6. ఇంటికి చేరాక కూడా మలేరియా మాత్ర ఆపకూడదు. మేము వారానికోసారి వేసుకునే మెఫ్లోక్విన్ వాడాం. తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేయాలి. రెండు వారాలు వేశాను, స్కూలు హడావుడిలో పడి మూడోది మరిచిపోయాను. తర్వాత కొన్నాళ్లకి పిల్లకి జ్వరం వచ్చింది. దగ్గర్లో చూపిస్తే వైరల్ అన్నారు. ఆఫ్రికా వెళ్లొచ్చామని చెప్పాలని నాకూ తట్టలేదు. మూడోరోజు రక్తం పరీక్షలో ఫాల్సిపారం మలేరియా అని తేలింది. ఆ చిన్న చేతికి క్వినైన్ ఎక్కిస్తుంటే పక్కన కూర్చున్నాను. తప్పు నాది, నొప్పి దానిది. ఏ మందు ఎన్నాళ్లో వెళ్లే ముందే రాయించుకోండి. ఏడాది లోపు జ్వరమొస్తే డాక్టరుకి మొదటి మాటగా ప్రయాణం సంగతి చెప్పండి.

రెండేళ్లకి మళ్లీ వెళ్లాం, ఈసారి మా అత్తగారితో. వచ్చాక ఫ్రిజ్ మీద నాలుగు ఆదివారాల చార్టు అంటించాను. మాత్ర మింగిన ప్రతిసారీ గడిలో టిక్కు మా అమ్మాయే పెట్టింది.