ఉప్పుగాలిలో హెలికాప్టరు

బరంపురం

మేనల్లుడికి,

నీ ఉత్తరం అందింది. నీ రిమోట్ హెలికాప్టరు మునుపటిలా చురుగ్గా లేవడం లేదనీ, రెండో బ్యాటరీ పొట్ట ఉబ్బిందనీ రాశావు. ముందు ఆ బ్యాటరీ సంగతి చూడు. చదవడం ఆపి, దాన్ని ఇంట్లోంచి తీసుకెళ్ళి, పెరట్లో ఇసుక పోసిన ఇనప బకెట్లో పెట్టిరా. ఇక దాన్ని చార్జి చెయ్యకు. లైపో, అంటే లిథియం పాలిమర్ ప్యాక్ ఉబ్బిందంటే లోపలి రసాయనం విరిగి గ్యాసు పుట్టిందన్నమాట. సూదితో పొడిచి గ్యాసు వదిలేస్తే సరిపోతుందని స్నేహితులు చెబితే అస్సలు వినకు. గాలీ చెమ్మా లోపలికి చేరితే అది భగ్గుమంటుంది.

పెట్టొచ్చావా? ఇప్పుడు మోటారు మాట.

బొమ్మ విమానానికి త్రాటిల్ తగ్గించినా రెక్కల మీద జారుతూ కొంతదూరం పోతుంది. హెలికాప్టరు గాలిలో ఒకచోట నిలబడాలన్నా మోటారు ఎడతెగకుండా లాగాల్సిందే. దానికీ బ్యాటరీకీ ఊపిరి తీసుకునే సందు దొరకదు. అందుకే వీటి సంరక్షణ ఎగరడం నేర్చుకున్నంత పని. దిగిన వెంటనే బ్యాటరీ తీగ ఊడదీసి, మోటారు మీద వేలు పెట్టి చూడు. రెండు మూడు సెకన్లు కూడా ఆనించలేకపోతున్నావంటే అది మితిమీరిన వేడి. నేను వైండింగు షాపులో బతుకంతా నీళ్ళ మోటార్ల మధ్య గడిపాను. మీటర్ల కంటే ముందు వేలినే నమ్మాను, నువ్వూ అదే అలవాటు చేసుకో.

ఈ వేడి నీ బ్రష్‌లెస్ మోటారుకి ఎందుకంత చేటో చెబుతాను. మీ ఛత్రపురం పక్కన ఐఆర్ఈఎల్ కంపెనీ వాళ్ళు సముద్రపు ఇసుక నుంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ తీస్తారని నీకు తెలుసు. ఆ మోనజైట్‌లో నియోడిమియం అనే లోహం ఉంటుంది. నీ మోటారులోని చిన్న అయస్కాంతాలు ఆ లోహంతో, ఇనుముతో, బోరాన్‌తో చేసినవే. మన గంజాం తీరపు ఇసుకకూ నీ చేతిలోని మోటారుకూ ఇంత దగ్గర చుట్టరికం ఉందని తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ అయస్కాంతాలు గట్టివే కానీ, మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. చల్లారాక కూడా ఆ పోయిన బలం తిరిగి రాదు. అప్పుడు మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు తాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. నీ హెలికాప్టరు మందగించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇంకో కారణం గోపాల్‌పూర్. అక్కడి ఇసుక మీద దింపుతున్నానని రాశావు. మానెయ్యి. ఆ ఇసుకలోని నల్ల రేణువులు అయస్కాంతానికి అంటుకునేవి. మోటారు డొప్పలోకి దూరాయంటే ఊదినా రావు, లోపల గీరుతూనే ఉంటాయి. పైగా ఉప్పుగాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వెళ్ళాక తీరపు ఊళ్ళ నుంచి మా షాపుకు మోటార్లు గుట్టలుగా వచ్చాయి. వాటిలో చాలావాటికి వైండింగు బాగానే ఉంది, బేరింగులే ఉప్పుకి బిగుసుకుపోయాయి. నీ మోటారుకు తుపాను అక్కర్లేదు, రోజూ వీచే గాలి చాలు. పైగా గోపాల్‌పూర్‌లో సైన్యం వారి వాయురక్షణ కళాశాల ఉంది, దగ్గర్లోని రంగైలుండలో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఎక్కడ ఎగరెయ్యొచ్చో 2021 డ్రోన్ నిబంధనల కింద ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో చూసుకున్నాకే బయలుదేరు. పచ్చగడ్డి ఉన్న మైదానం వెతుక్కో.

బేరింగు పరీక్షకు పినియన్ అనే చిన్న గేరును పెద్ద గేరు నుంచి కాస్త పక్కకు జరిపి, మోటారును చేత్తో తిప్పు. అయస్కాంతాల వల్ల ఆగి ఆగి తిరగడం మామూలే. గరగరమని చప్పుడొచ్చినా, షాఫ్ట్ అటూ ఇటూ ఊగినా బేరింగు అరిగిపోయినట్టే. ఎండిపోయిందనిపిస్తే కుట్టుమిషన్ నూనె సూదిమొనతో ఒక్క బొట్టు వెయ్యి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టకు, ఉన్న గ్రీజును కూడా అది కడిగేస్తుంది. మళ్ళీ బిగించేటప్పుడు రెండు గేర్ల పళ్ళ మధ్య పలచటి కాగితం ముక్క పెట్టి దగ్గరకు జరిపి, స్క్రూలు బిగించాక కాగితం లాగెయ్యి. మరీ బిగువైతే మోటారు కాలుతుంది, వదులైతే పళ్ళు పోతాయి. ఏదైనా సెట్టింగు మార్చేటప్పుడు మోటారుకు వెళ్ళే మూడు తీగల్లో రెండైనా ఊడదీసి ఉంచు. హెలికాప్టరు రెక్కలు నిమిషానికి రెండువేల చుట్లకు పైగా తిరుగుతాయి, వేళ్ళను లెక్కచెయ్యవు.

ఇక మంచి ప్యాక్. అది మూడు సెల్లులది, 2,200 ఎంఏహెచ్. 2.2 ఆంపియర్లు మించకుండా, బ్యాలెన్స్ తీగ తగిలించే చార్జి చెయ్యి. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు. పూర్తిగా పిండెయ్యకు. చార్జరు తిరిగి ఎక్కించినది 1,760 ఎంఏహెచ్ దాటితే నువ్వు ఎక్కువసేపు ఎగరేశావని గుర్తు, టైమరు తగ్గించు. మరుసటి రోజు ఎగరెయ్యకపోతే నిండుగా ఉంచొద్దు, సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఆపి ఉంచు. నిండా ఎక్కించి మే నెల ఎండలో స్కూటరు డిక్కీలో పెట్టావంటే ఆ ప్యాక్ కూడా రెండోదాని దారే పడుతుంది. దిగాక చల్లారనిచ్చాకే చార్జి పెట్టు. రాత్రి పడుకునే ముందు పెట్టడం, చార్జి పెట్టి బజారుకెళ్ళడం వద్దు. ఈ ఒక్క విషయంలో నేను మాటకి మాట ఒప్పుకోను.

ఆదివారం వచ్చేటప్పుడు హెలికాప్టరు, చార్జరు, మంచి ప్యాక్ తీసుకురా. మోటారు విప్పి చూద్దాం. అయస్కాంతాలు దెబ్బతింటే కొత్త మోటారు వేద్దాం, బేరింగే అయితే ఇక్కడే మార్చేద్దాం. ఉబ్బినదాన్ని మాత్రం బస్సులో తేవద్దు, చెత్తకుండీలోనూ వెయ్యొద్దు. పాత బ్యాటరీలు తీసుకునేవాళ్ళకు అప్పగించాలి. ఆ పని నేను మీ ఊరొచ్చినప్పుడు ఇద్దరం కలిసి చేద్దాం.

భోజనం ఇక్కడేనని మీ అమ్మకు చెప్పు.

నీ
మామయ్య