పాప పేరు కార్డులో లేదు, ఆపరేషన్ ఆగుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా పిల్లల వైద్యం ఖర్చు, ఆరోగ్యశ్రీ గురించే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాను.

*

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాలో చిన్న ఊరు. మా ఆయన మేస్త్రీ దగ్గర కూలికి పోతాడు. పాపకు ఏడో నెల. అంగన్‌వాడీకి వచ్చిన డాక్టరమ్మ గుండె చప్పుడు తేడాగా ఉంది, రంధ్రం ఉండొచ్చు అని చీటీ రాసిచ్చింది. ఆపరేషన్‌కు ఐదు లక్షలైతదని ఊర్లో భయపెడుతున్నారు. రేషన్ కార్డులో పాప పేరు ఇంకా ఎక్కలేదు. ఎక్కేదాకా ఆగాలా? – ఒక తల్లి

జవాబు: ఆగొద్దమ్మా. ముందు పాప, తర్వాత కార్డు.

ఆ డాక్టరమ్మ ఇచ్చిన చీటీని జాగ్రత్తగా దాచుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆమె మీ ఊరికి వచ్చి ఉంటారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను ఊళ్లోనే పరీక్షించే పథకం ఇది. ఆ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు కనిపిస్తే పై ఆస్పత్రికి పంపడం, వైద్యం ఉచితంగా చేయించడం ఆ పథకం బాధ్యతే. చీటీతో జిల్లా ఆస్పత్రికి వెళ్లి గుండెకు ఎకో పరీక్ష రాయించుకోండి. అక్కడ వీలుకాకపోతే నిలోఫర్‌కో నిమ్స్‌కో పంపుతారు.

ఇంకో మాట, కాస్త ధైర్యం కోసం. గుండెలో రంధ్రం అనగానే ఆపరేషన్ అనుకోకండి. చిన్న రంధ్రాలు చాలావరకు పిల్ల ఎదిగేకొద్దీ వాటంతటవే పూడిపోతాయి, డాక్టర్లు కనిపెట్టుకుని ఉంటే చాలు. అయితే పాప పాలు తాగేటప్పుడు చెమటలు పట్టడం, మధ్యలో ఆయాసంతో ఆపేయడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నెమ్ము చేయడం ఉంటే మాత్రం ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి. పెద్ద రంధ్రాన్ని ఏళ్లతరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు పాడై, ఆ తర్వాత ఎంత డబ్బున్నా ఆపరేషన్ చేయలేని స్థితి వస్తుంది.

ఇక కార్డు సంగతి. ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్ర ఉంటారు. మీ రేషన్ కార్డు, పాప పుట్టిన సర్టిఫికెట్, మీతో కలిపి తీసిన పాప ఫోటో, మీ ఆధార్ చూపించి, కార్డు వచ్చాక పుట్టిన బిడ్డ అని చెప్పండి. ఇలాంటి పసిపిల్లలను చేర్చుకునే దారి పథకంలో ఉంది. అదే సమయంలో మీ ఆయనను మీసేవకు పంపి పేరు ఎక్కించే దరఖాస్తు పెట్టించండి, ఆ రసీదు కూడా పనికొస్తుంది. తెలంగాణలో ఒక కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు వైద్యం చేయించే హద్దు 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉంది. కాబట్టి ఐదు లక్షల లెక్క మీరు వేయనక్కర్లేదు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు తిరుగు బస్సు చార్జీలు కూడా అడగండి. చాలామంది అడగరు, అడగనిదే కొందరు ఇవ్వరు.

అసలు ఆరోగ్యశ్రీకి ముందు ఉమ్మడి రాష్ట్రంలో పేద పిల్లల గుండె ఆపరేషన్లకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి డబ్బు ఇచ్చేవారు. దరఖాస్తులు వెల్లువెత్తడంతో దాన్ని పద్ధతిగా చేయాలని 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. మీ నారాయణపేట అప్పుడు మహబూబ్‌నగర్‌లోనే ఉండేది. మీ పాపలాంటి పిల్లల కోసం పుట్టిన పథకం ఇది. మొహమాటం లేకుండా అడగండి.

*

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. టైప్ 1 షుగర్. నేను అనకాపల్లిలో ఆటో నడుపుతాను. మొదటిసారి స్పృహ తప్పినప్పుడు ఐసీయూలో ఉంచారు, కార్డు మీదే అంతా జరిగింది, రూపాయి కట్టలేదు. కానీ ఇప్పుడు నెలనెలా ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పులు నా సంపాదనలో పెద్ద భాగం తినేస్తున్నాయి. కార్డు మీద ఇవ్వరా?

జవాబు: ఇవ్వరు, తమ్ముడూ. పథకంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోటు ఇదే.

ఆరోగ్యశ్రీ అయినా, ఆంధ్రలో ఇప్పుడున్న ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, కేంద్రం 2018 సెప్టెంబర్‌లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ అయినా ప్రధానంగా ఆస్పత్రిలో చేరిన రోగికి డబ్బు కట్టే ఏర్పాట్లే. ఇంటి దగ్గర రోజూ వాడే మందు వాటి లెక్కలోకి రాదు. మీ బాబు సంగతే చూడండి. ఇన్సులిన్ సరిగ్గా అందక షుగర్ పెరిగిపోయి ఐసీయూకి వస్తే సర్కారు వేలకు వేలు కడుతుంది. ఐసీయూకి రాకుండా ఆపే ఇన్సులిన్‌కు మాత్రం కట్టదు. గండి పడ్డాక ఇసుక బస్తాలకు డబ్బుంటుంది, గట్టు వేయడానికి ఉండదన్నట్టు! పిల్లల జబ్బుల్లో ఈ తిరకాసు మరీ ఎక్కువ. ఆస్తమా, మూర్ఛ, షుగర్, రక్తహీనత, వీటన్నిటికీ అసలు ఖర్చు ఓపీలోనే, మందుల షాపులోనే, పరీక్షల్లోనే.

మీరు చేయగలిగింది చెబుతాను. ఇన్సులిన్ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇవ్వాలి. విశాఖ కేజీహెచ్‌లో బాబు పేరు నమోదు చేయించుకుని, చీటీ మీద నెలకు సరిపడా రాయించుకోండి. స్టాకు లేదంటే ఆ మాట చీటీ మీదే రాసిమ్మనండి, అది పట్టుకుని సూపరింటెండెంట్‌ను కలవండి. స్ట్రిప్పులు దొరకడం కష్టం. జన ఔషధి దుకాణంలో బయటికన్నా తక్కువకు రావొచ్చు. ఖర్చు తగ్గించుకోవడానికి మోతాదు మాత్రం ఎప్పుడూ తగ్గించకండి. ఎవరో ఆకు పసరు చెప్పారని ఇన్సులిన్ ఆపిన పిల్లలు మళ్లీ ఐసీయూకే వస్తారు, అందరూ తిరిగి ఇంటికి వెళ్లరు.

తలసేమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఆ జాబితాలో టైప్ 1 షుగర్ పిల్లలు లేరు. ఉండాలని మీ ఎమ్మెల్యేకి ఒక అర్జీ పెట్టండి, నలుగురు తల్లిదండ్రులు కలిసి పెడితే ఇంకా మంచిది.

*

ప్రశ్న: నేను పన్ను కట్టే ఉద్యోగిని. మా పిల్లల వైద్యం ఖర్చు మేమే చూసుకుంటున్నాం. మా పన్నులన్నీ ఆరోగ్యశ్రీ పేరుతో కార్పొరేట్ ఆస్పత్రులకు పోతున్నాయి. ఆ డబ్బుతో ప్రభుత్వ ఆస్పత్రులు బాగుచేయొచ్చు కదా? – కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: రెండో సగంతో ఏకీభవిస్తాను, మొదటి సగంతో కాదు.

మీ కంపెనీ మీ కుటుంబానికి కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియంను మీ జీతంలో కలిపి పన్ను వేయరు. పాత పన్ను విధానంలో సొంతంగా పాలసీ తీసుకున్నవాళ్లకు 80డీ కింద మినహాయింపు ఉంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి పూర్తిగా తీసేశారు. అంటే సర్కారు సాయం మీ పిల్లలకూ అందుతోంది. కాకపోతే అది కౌంటర్ దగ్గర నిలబడి అడగాల్సిన సాయం కాదు కనుక కంటికి ఆనదు. పైన ఉత్తరం రాసిన ఆ తల్లి కూడా సబ్బు కొన్నా, సెల్ రీచార్జి చేయించినా పన్ను కడుతూనే ఉంది.

ఇక మీ రెండో మాట నిజం. మొదట్లో ఆరోగ్యశ్రీకి ఇన్సూరెన్స్ కంపెనీ ఉండేది, తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆస్పత్రులకు కట్టే పద్ధతి వచ్చింది. ఖజానాలో డబ్బు ఆడకపోతే బకాయిలు పేరుకుంటాయి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. అలా ఆపిన రోజుల్లో పేదవాడి పిల్లకు మిగిలిన దిక్కు ప్రభుత్వ ఆస్పత్రే. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. 2021–22లో, కోవిడ్ ఖర్చుతో కలిపి కూడా, అది 1.84 శాతమే. కార్డుకా ఆస్పత్రికా అని కొట్టుకునేంత డబ్బు అసలు పెట్టనేలేదు.

ప్రైవేటు కాని ఆస్పత్రి ఏం చేయగలదో చూడాలంటే తిరుపతి వెళ్లండి. టీటీడీ 2021లో తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో పసిగుండెలకు ఆపరేషన్లు చేస్తున్నారు. కార్డు డబ్బు అలాంటి చోటికీ వెళుతుంది. అది ప్రైవేటుకే పోవాలన్న నియమం ఏమీ లేదు.

*

ప్రశ్న: పటాన్‌చెరులో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాను. జీతంలో ఈఎస్ఐ కోస్తున్నారు. పిల్లలకు దాని మీద వైద్యం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. నెల జీతం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. మీ నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కడతారు. భార్యాపిల్లల పేర్లు నమోదయ్యాయో లేదో చూసుకోండి, చాలా ఏజెన్సీలు ఆ పని చేయకుండా వదిలేస్తాయి. పై ఉత్తరంలోని ఆటో తమ్ముడికి లేని సౌకర్యం మీకుంది. ఈఎస్ఐ డిస్పెన్సరీలో ఓపీ మందులు కూడా ఇస్తారు.

*

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్‌లో హెచ్1బీ మీద ఉన్నారు. అల్లుడి ఉద్యోగం పోయింది, దాంతో ఇన్సూరెన్సూ పోయింది. మనవడు అక్కడే పుట్టాడు, రెండేళ్లవాడు. వాడికైనా ఏదైనా ఉంటుందా? – విజయవాడ నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: ఉంటుందమ్మా. మనవడు అక్కడ పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడు. తల్లిదండ్రుల వీసా ఏదైనా, ఆదాయం హద్దులో ఉంటే అక్కడి పేదల వైద్య పథకం మెడికెయిడ్‌కో, పిల్లల పథకం చిప్‌కో అర్హుడు. చిప్ అనేది 1997లో వచ్చింది. మెడికెయిడ్‌కు ఆదాయం ఎక్కువై, ప్రైవేటు పాలసీ కొనే స్తోమత లేని ఇళ్ల పిల్లల కోసం కేంద్రం, రాష్ట్రాలు కలిసి డబ్బు పెట్టే పథకం. టెక్సాస్‌లో పేదరిక రేఖకు సుమారు రెండింతల ఆదాయం దాకా పిల్లలను తీసుకుంటారు, కుటుంబానికి ఏడాది ఫీజు 50 డాలర్లు మించదు. నిరుటి జీతం కాదు, ఇప్పటి నెల ఆదాయం చూస్తారు. 2024 జనవరి నుంచి ఒకసారి చేరిన పిల్లవాడిని మధ్యలో ఆదాయం పెరిగినా 12 నెలలు తీసేయకూడదు.

దీన్ని వాడుకుంటే గ్రీన్ కార్డుకు అడ్డం వస్తుందని మనవాళ్లలో భయం ఉంది. 2022 నాటి నిబంధన ప్రకారం పిల్లలు చిప్ వాడుకోవడాన్ని తల్లిదండ్రుల దరఖాస్తులో లెక్కలోకి తీసుకోరు. ఈ నిబంధనలు ప్రభుత్వం మారితే మారుతుంటాయి కనుక ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను ఒకమాట అడిగి వేయమనండి. వాట్సాప్ గ్రూపులను మాత్రం అడగొద్దని చెప్పండి.

*

ప్రశ్న: ఆరోగ్యశ్రీ ఉన్నా, బాబును చేర్చుకునే ముందు ముప్పై వేలు డిపాజిట్ కట్టమన్నారు. కట్టాం. తిరిగి వస్తుందా?

జవాబు: పథకంలో ఉన్న చికిత్సకు పైసా తీసుకోకూడదు. రసీదు ఉంటేనే మీ మాట నిలుస్తుంది. తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకోండి, ఫోన్‌లో చెల్లించిన వివరాలుంటే దాచండి. డిశ్చార్జ్ అయ్యేలోపే ఆరోగ్యమిత్రకు చెప్పి, రెండు రాష్ట్రాల్లోనూ పనిచేసే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలో కట్టిన డబ్బు మాత్రం ఆరోగ్యశ్రీ నుంచి రాదు. దానికి అసలు బిల్లులతో ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ కట్టినదంతా రాదు, కొంతే వస్తుంది.