కిలో ఉప్పు ఎన్నాళ్లొస్తుంది?

లావణ్యా,

కవిటి మండలంలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా (ఎంఎల్‌హెచ్‌పీ) చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బీపీకి మాత్ర లేకుండా తగ్గే ఉపాయం చెప్పమని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారనీ, ఏం చెప్పాలో తోచడం లేదనీ రాశావు. ఉపాయం ఉంది తల్లీ. కాకపోతే అది అందరికీ పనికిరాదు. పైగా నువ్వున్నది ఉద్దానం, అక్కడ దానికి ఇంకో మెలిక ఉంది.

ముందు ఆ మనిషికి నిజంగా బీపీ ఉందో లేదో తేల్చుకో. ఎండలో నడిచొచ్చి గుమ్మంలోనే చెయ్యి చాపితే అంకె ఎక్కువే చూపిస్తుంది. వీపు ఆనించి అయిదు నిమిషాలు కూర్చోనివ్వు. ఒంటేలు వస్తుంటే ముందు వెళ్లి రమ్మను. అరగంట లోపల టీ తాగినా, చుట్ట కాల్చినా ఆగమను. మీ వైపు అడ్డపొగ తాగే పెద్దావిడలు ఉంటారు, మొహమాటపడకుండా అడుగు. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. కఫ్ జాకెట్ చేతి మీద కాదు, ఒంటి మీద కట్టాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కూడా కనపడుతుంది. చూస్తున్నంతసేపూ నువ్వూ మాట్లాడకు, వాళ్లనూ మాట్లాడనివ్వకు. రెండుసార్లు చూడు, మరో రోజు పిలిచి మళ్లీ చూడు. అప్పటికీ 140/90 దగ్గరో పైనో నిలిస్తేనే రిజిస్టరులో రాయి.

పై అంకె 140కీ 159కీ మధ్య, కింది అంకె 100 లోపు ఉండి, సుగర్, కిడ్నీ జబ్బు, గుండెపోటు, పక్షవాతం ఏవీ లేకపోతే, డాక్టరుగారు చూసి సరేనన్నాక మూడు నెలలు తిండితో, నడకతో ప్రయత్నించవచ్చు. 160/100 దాటినవాళ్లకు మాత్ర కూడా కావాలి. కడుపుతో ఉన్నామెకు 140/90 వస్తే చిట్కాల మాటే ఎత్తకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపు. 180/120 పైన ఉండి గుండెలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం కనిపిస్తే 108కి ఫోను చెయ్యి.

ఇక ఉప్పు. "ఉప్పు తగ్గించండి" అని మాత్రం చెప్పకు. అందరూ తక్కువే తింటున్నామంటారు. వండే మనిషిని పట్టుకుని, ఇంట్లో ఎందరున్నారు, కిలో ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుంది అని అడుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు చాలంటుంది. నలుగురికి 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెలకే అయిపోతోందంటే తలకు 8 గ్రాములు దాటినట్టే. ఎండాకాలంలో ఆవకాయకని విడిగా కొన్న కళ్లుప్పు, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, బజారు మిక్చరు ఈ లెక్కలోకి రానేలేదు. అమెరికాలో ఉప్పు ఎక్కువగా ఫ్యాక్టరీ తిండిలోంచీ హోటళ్లలోంచీ వస్తుంది, మన పల్లెల్లో వంటింట్లోంచే. అందుకే మగాయన బీపీకైనా సరే, మాట్లాడాల్సింది వండే మనిషితోనే.

ఊరగాయలోనే ఉప్పు తగ్గించమని చెప్పావనుకో, జాడీ బూజు పడుతుంది, మళ్లీ నీ మాట ఎవరూ వినరు. వేసుకునేదే తగ్గించమను. పెరుగన్నంలో ఉప్పు కలిపి, పైన ఊరగాయ నంజుకోవడం మన అలవాటు. రెంటిలో ఒకటి మానితే చాలు. కూరల్లో వారానికి కాస్త చొప్పున తగ్గిస్తూ, ఆ లోటును నిమ్మరసంతో, అల్లంతో పూడ్చుకోవచ్చు. కొన్ని వారాల్లో నాలుకే సర్దుకుంటుంది. సైంధవ లవణం మంచిదట కదా అని అడుగుతారు. అందులో ఉండేదీ ప్రధానంగా సోడియం క్లోరైడే, అయోడిన్ సాధారణంగా ఉండదు.

అన్నం మానేస్తే బీపీ తగ్గుతుందన్న మాట కూడా వింటావు. సరైన బీపీ మందులు లేని 1940ల్లో, అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు ముదిరిన బీపీ రోగులకు అన్నం, పళ్లు, చక్కెరే పెట్టి చాలామందికి తగ్గించాడు. ఆ తిండిలో ఉప్పు దాదాపు లేదు. అంత చప్పిడి పథ్యం ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు గానీ, నేరం ఒక్క అన్నానిదే కాదని తెలుసుకుంటే చాలు.

ఇప్పుడు ఆ మెలిక. పళ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాలూ పెరుగూ బాగా ఉన్న డాష్ అనే ఆహారాన్ని అమెరికాలో పరీక్షించి 1997లో ఫలితాలు ప్రకటించారు. ఉప్పు మార్చకుండానే, బీపీ ఉన్నవాళ్లకు పై అంకె సుమారు 11 తగ్గింది. ఒక మాత్రతో తగ్గేదీ దాదాపు అంతే. ఆ తిండిలో పొటాషియం కూడా ఎక్కువే. చైనాలో 600 పల్లెల్లో, మామూలు ఉప్పులో పావు వంతు పొటాషియం క్లోరైడు కలిపి అయిదేళ్లు వాడిస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అయితే తీవ్రమైన కిడ్నీ జబ్బున్న ఇళ్లను వాళ్లు ముందే పక్కన పెట్టారు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి పొటాషియం బయటికి పోక, గుండె ఆగే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు ఎక్కువున్న మీ ఉద్దానంలో ఎంతోమందికి అది ముదిరేదాకా ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి క్రియాటినిన్ పరీక్ష చూడకుండా లో సోడియం ఉప్పు కొనమనడం గానీ, రోజూ కొబ్బరినీళ్లు, అరటిపండ్లు అనడం గానీ చెయ్యకు. వేరే ఊళ్లో మంచి సలహా అయినది మీ కొబ్బరితోటల్లో ప్రాణం తియ్యగలదు.

ఒళ్లునొప్పుల మాత్రల సంగతి కూడా తప్పక అడుగు. రోజంతా తోటపని చేసి, రాత్రి డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో వేసుకుని పడుకునేవాళ్లుంటారు. అవి బీపీ పెంచుతాయి, కిడ్నీనీ చెడగొడతాయి. దగ్గుకని రోజూ అతిమధురం నమిలినా బీపీ పెరుగుతుంది. ఇలాంటివి మానిపిస్తేనే కొందరికి అంకె దిగొస్తుంది. వెల్లుల్లి, మునగాకు తింటే తిననీ, వాటినే వైద్యమనుకోకుండా చూడు.

మిగిలినవి నీకు తెలిసినవే. బరువు ఎక్కువున్నవాళ్లు కిలో తగ్గితే పై అంకె సుమారు ఒకటి తగ్గుతుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, సారా మానడం, కంటినిండా నిద్ర. పొలం పనితో చెమటోడ్చేవాళ్లకు విడిగా నడవమని చెప్పకు, నవ్వుతారు.

ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్నవాళ్లు ఉప్పు తగ్గించగానే వాటిని ఆపేయకుండా చూసుకో. మోతాదు తగ్గించాలో వద్దో డాక్టరుగారు చెప్పాలి. మూడు నెలలు పథ్యం చేసినా 140/90 లోపుకు రానివాళ్లను మందలించకు, ఆయన దగ్గరికి నువ్వే వెంటబెట్టుకుని వెళ్లు.

మీ పెద్దమ్మ