రేడియో మిత్రమండలి

హైదరాబాదు నగరమున మూసీనది దాటి తూర్పునకు నడచినచో మలక్‌పేట వచ్చును. అచ్చటినుండి దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ ఒకదానినొకటి అంటుకొని యున్నవి. ఈ ప్రాంతమునకును రేడియోకును పాత చుట్టరికము కలదు. నిజాము కాలమున దక్కన్ రేడియో అను ప్రసారకేంద్రము హైదరాబాదున నడచుచుండెను. దాని ప్రసారయంత్రము సరూర్‌నగరున నెలకొల్పబడెను. 1950వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆ కేంద్రము ఆకాశవాణిలో విలీనమయ్యెను. తరువాతి కాలమున మలక్‌పేటలో దూరదర్శన్ వారి ఎత్తైన స్తంభము వెలసినది. 'టీవీ టవరు' అని దానిని గురుతు పెట్టుకొని దారి చెప్పుట అచ్చటివారి అలవాటు.

ఈ ప్రసారములన్నింటికిని ఒక్కటే పద్ధతి. ఒకరు పలుకుదురు, లక్షలమంది విందురు. విన్నవాడు బదులు పలుకుటకు వీలులేదు. కాని విన్నవాడు కూడ బదులు పలుకగల రేడియో మరియొకటి కలదు. దానినే అమెచ్యూర్ రేడియో అనియు, హామ్ రేడియో అనియు అందురు. జీతమునకుగాని లాభమునకుగాని కాక, కేవలము ఆసక్తిచేత ఒక ప్రసారయంత్రమును, ఒక గ్రాహకయంత్రమును ఇంట నుంచుకొని, ప్రభుత్వము వారి అనుమతితో తోటివారితో మాటలాడువారు హామ్‌లు. 'హామ్' అనునది మొదట ఎగతాళి మాట. తంతి ఉద్యోగులు, చేయి తిరుగని పనివానిని వెక్కిరించుటకు ఆ మాటను వాడెడివారు. ఔత్సాహికులు దానినే తమ బిరుదుగా స్వీకరించిరి.

మన దేశమున మొదటి హామ్ అమరేంద్ర చంద్ర గుప్త. ఆయనకు 1921లో అనుమతి లభించెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినపుడు ప్రభుత్వము అందరి యంత్రములను అప్పగింపుమని ఆజ్ఞాపించెను. యుద్ధానంతరము 1946 నుండి మరల అనుమతులు దొరకెను. 1948 మే 15వ తేదీన మౌ పట్టణమున భారత అమెచ్యూర్ రేడియో క్లబ్బు ఏర్పడెను. అప్పటికి దేశమంతట ఉన్న హామ్‌లు ఏబదిమంది మాత్రమే. హైదరాబాదున 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ సోమాజిగూడలో స్థాపితమయ్యెను. తెలుగునాట హామ్ విద్య వ్యాపించుటకు ఈ సంస్థ చేసిన బోధన గొప్ప కారణము.

ఆ సంస్థ సాగించిన ఒక యాత్ర ఎట్టిదో తెలిసికొనినచో ఈ విద్య ప్రయోజనము బోధపడును. అండమాన్ దీవులలో అనేక సంవత్సరములుగా హామ్ కేంద్రమేదియు మాటలాడలేదు. హామ్‌లకు దూరదేశముల పలుకు వినుట ఒక వేడుక. ఎన్ని దేశములతో, ఎన్ని దీవులతో మాటలాడితిమా అని వారు లెక్క వ్రాసికొందురు. అందుచేత అండమాన్ పలుకు వినవలెనని ప్రపంచమంతట వేలకొలది హామ్‌లు ఎదురుచూచుచుండిరి. 2004 డిసెంబరు మాసారంభమున ఆ సంస్థ తరఫున ఒక చిన్న బృందము పోర్ట్‌బ్లెయిర్ చేరెను. దానికి నాయకురాలు భారతీ ప్రసాద్. వీ.యు.4 అను అక్షరాంకములతో మొదలగు సంకేతనామము ఆకాశమున వినబడగానే దేశదేశములనుండి పిలుపులు వెల్లువెత్తెను. మూడు వారములకు పైగా అది కేవలము వేడుకగనే సాగెను.

డిసెంబరు 26వ తేదీ ఆదివారము. ఉదయము సుమారు ఆరున్నర గంటలకు సుమత్రా తీరమున మహాభూకంపము పుట్టెను. పోర్ట్‌బ్లెయిర్ కంపించెను. కొంతసేపటికి సముద్రము దీవులమీదికి పొంగివచ్చెను. విద్యుత్తు నిలిచిపోయెను, టెలిఫోనులు మూగవోయెను. పోర్ట్‌బ్లెయిరుకు రెండువందల కిలోమీటర్లకు మించిన దూరమున దక్షిణముగా ఉన్న కార్ నికోబార్‌లో వైమానిక స్థావరమే నాశనమయ్యెను. ఎవరు బ్రతికిరో ఎవరు పోయిరో తెలియక ప్రధానభూమిలోని బంధువులు తల్లడిల్లిరి.

వేడుకకై వచ్చిన ఆ యంత్రములే అప్పుడు పనికి వచ్చెను. భారతీ ప్రసాద్ విదేశముల పలకరింపులు చాలించి, ఆపద వార్తలు పంపుటకు పూనుకొనెను. వెయ్యి కిలోమీటర్లకు మించిన సముద్రమున కావల ఉన్న హామ్‌లు ఆ వార్తలను అందుకొని, టెలిఫోను ద్వారమున కుటుంబములకు చేర్చిరి. బృందములోని ఇద్దరు కార్ నికోబార్‌కు వెళ్లి అచ్చట మరియొక కేంద్రము నెలకొల్పిరి. ఫలానావారు క్షేమము, ఫలానావారు శిబిరమున ఉన్నారు అను రెండు ముక్కలే ఆ వార్తలలో అధికము. ఆ రెండు ముక్కలకొరకు ఎన్ని ఇండ్లలో ఎన్ని రాత్రులు నిద్ర లేక గడచెనో ఊహింపవచ్చును.

ఇచ్చట ఒక సందేహము కలుగును. ఆ బృందము ఆపదకై సిద్ధపడి పోలేదు గదా; మరి అంత త్వరగా ఎట్లు పని చేయగలిగెను? వారు ప్రతిదినము చేయుచున్న పనియే ఆనాడును చేసిరి. యంత్రము వారి చేతికి అలవాటు; ఏరియల్ వారు కట్టినదే; క్షీణస్వరమున వచ్చు మాటను గుర్తించుట వారి చెవికి అలవాటు. ఈ అలవాటులను చేయించునదే హామ్ సంఘము. ధనవంతుడు ఖరీదైన యంత్రమును ఒక్కదినమున కొనగలడు. చెవిని మాత్రము కొనలేడు.

సంఘమును నడుపుటకు పెద్ద భవనము అక్కరలేదు. ఎత్తైన మేడ, ఒక గది, ఒక బల్ల, ఓపిక గల నలుగురైదుగురు చాలును. సంఘము తన పేరనే అనుమతిపత్రము పొందవచ్చును. కాని యంత్రమునకు బాధ్యత వహించువాడు స్వయముగా అనుమతి గలవాడై యుండవలెను. మేడమీద ఏరియల్ కట్టుట మొదటి పని. నలుబది మీటర్ల తరంగమునకు సుమారు ఇరువది మీటర్ల రాగితీగ కావలెను. దానిని నడుమ తెంచి, చెరియొక పదిమీటర్లుగా రెండు వైపుల సాచి కట్టుదురు. ఈ తరంగములు పైకి పోయి, వాతావరణపు పైపొరలలో వంగి, మరల నేలకు దిగివచ్చును. అందువలన అవి సముద్రములను సైతము దాటును. రెండు మీటర్ల తరంగము అట్లు కాదు. అది దాదాపుగా కంటికి కనబడునంత దూరమే పోవును. నగరములోని మిత్రులతో మాటలాడుటకు అది అనుకూలము.

వారమున కొకనాడు నియమితవేళకు సభ్యులందరు ఒకే తరంగముమీద కూడుదురు. దీనికి 'నెట్' అని పేరు. ఒకరు అధ్యక్షత వహించి వరుసగా ఒక్కొక్కరి సంకేతనామమును పిలుచును. పిలువబడినవాడు తన మాట చెప్పి 'ఓవర్' అనవలెను. ఇద్దరు ఒక్కమారు మాటలాడినచో ఇద్దరి మాటయు వినబడదు. పెద్దల సభలలో సైతము అరుదైన ఈ క్రమశిక్షణ బాలురకు అచ్చట నెలరోజులలో పట్టుబడును. జరిగిన సంభాషణలు తేదీ, వేళ, తరంగములతో సహా ఒక పుస్తకమున వ్రాయబడును. వ్యాపారము మాటలాడరాదు; పాటలు ప్రసారము చేయరాదు; రహస్యభాష వాడరాదు. హామ్‌లలో వయోభేదము లేదు. పదమూడేండ్ల బాలుని, ఎనుబదియేండ్ల వృద్ధుని ఒక్కతీరున 'ఓల్డ్ మాన్' అని పిలుచుట ప్రపంచ సంప్రదాయము. తెలుగు బాలునికి మాత్రము ఆ పిలుపు నోట రాదు. 'గారు' చేర్చిననే గాని అతని మనసు కుదుటపడదు. దానికెవ్వరు ఆక్షేపణ చెప్పరు.

సంఘములు కుంటువడుటకు కారణము డబ్బు లేమి మాత్రము కాదు. పాత సభ్యులు తమ సంభాషణలో మునిగి, క్రొత్తవానిని మూల కూర్చుండబెట్టుట అంతకన్న పెద్ద కారణము. మంచి సంఘమున క్రొత్తవాని చేతికి మొదటిదినముననే టంకము వేయు పరికరమో, చెవికి తగిలించు యంత్రమో ఇత్తురు.

పండ్రెండేండ్లు నిండినవాడు పరీక్షకు కూర్చుండవచ్చును. విద్యుత్తు, రేడియో సూత్రములు ఒక భాగము. నియమములు మరియొక భాగము. పరిమిత శ్రేణికి ఇంతమాత్రము చాలును. సాధారణ శ్రేణి కోరువాడు మోర్స్ సంకేతములను నిమిషమునకు ఎనిమిది మాటల వేగమున వినగలిగి, పంపగలిగి యుండవలెను. మూడు చుక్కలు, ఒక గీత 'వి' అక్షరము. రెండు చుక్కలు, ఒక గీత 'యు' అక్షరము. భారతీయ హామ్ సంకేతనామమునకు ఈ రెండక్షరములే మొదలు. సాధారణ శ్రేణివారికి వీ.యు.2, పరిమిత శ్రేణివారికి వీ.యు.3 వచ్చును. అనుమతి రాకముందు ప్రసారము చేయుట నేరము. వినుటలో మాత్రము ప్రారంభకునికి కావలసినంత పని కలదు.

యంత్రము ఖరీదు చూచి పలువురు వెనుదీయుదురు. ఈ చిక్కును హైదరాబాదు వాస్తవ్యుడైన అష్‌హర్ ఫర్హాన్ చక్కగా విప్పెను. ఈ శతాబ్దారంభమున ఆయన 'బిట్‌ఎక్స్' అను యంత్రమును రూపొందించి, దాని పటమును అందరికి ఉచితముగా వెల్లడించెను. అందలి ట్రాన్సిస్టరులు సామాన్యమైన అంగళ్లలో దొరకునవే. తీగచుట్టలకు కావలసిన విదేశీ వలయములు దొరకనిచో, కుళాయిలలో వాడు వాషరులమీదనే తీగ చుట్టవచ్చునని ఆయన చూపెను. దాని శక్తి ఆరు వాట్లు మాత్రమే. ఇంటిలోని రాత్రిదీపమునకు సరిపడు ఆ శక్తితో, కాలము అనుకూలించినపుడు, ఇతర దేశములవారు పలుకుదురు. మలక్‌పేట బాలుడు మూసీ దాటి కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయినచో వలసిన విడిభాగములు చాలవరకు దొరకును. బంజారాహిల్స్‌లోని లామకాన్ అను సాంస్కృతిక కేంద్రమున కూడ ఒక హామ్ సంఘము ఏర్పడియున్నది.

హామ్‌ల కొరకు ఒక ఉపగ్రహము సైతము మన శ్రీహరికోటనుండియే ఎగిరెను. 2005 మే 5వ తేదీన పంపబడిన ఆ 'హామ్‌శాట్' 2014 వరకు పనిచేసెను.

మూసీ ఒడ్డున నివసించువారికి ఇదియంతయు వట్టి వినోదము కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినపుడు, మలక్‌పేటను నగరముతో కలుపు చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకొనిపోయెను. వేలకొలది జనులు మరణించిరి. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు క్రింది కాలనీలు రోజులతరబడి నీట మునిగెను. అట్టి వేళ బ్యాటరీతో నడచు ఒక యంత్రము, దానిని వాడ నేర్చిన ఒక మనిషి వాడకొకరు ఉన్నచో ఏమి చేయవచ్చునో సంఘములు ముందుగనే అభ్యాసము చేయును. విద్యుత్తును కావలెనని ఆపివేసి, మైదానములో ఏరియల్ కట్టి, ఎంతసేపటిలో మొదటి వార్త పంపగలమా అని గడియారము చూచుకొందురు.

క్రొత్తగా అనుమతి పొందినవాని మొదటి పిలుపు చూడదగినది. నెలల తరబడి విన్న మాటలే. అయినను మీట నొక్కగానే గొంతు పొడిబారును. ప్రక్కన కూర్చున్న పెద్దవాడు 'తొందర లేదు, నాయనా' అని వీపు తట్టును. బాలుడు 'సీ క్యూ, సీ క్యూ' అని పిలిచి, తన సంకేతనామమును ఒక్కొక్క అక్షరముగా పలికి, మీట వదలును. కొంతసేపు గాలి హోరు తప్ప ఏమియు వినబడదు. మరల పిలుచును. ఆ హోరులోనుండి, ఏ ఊరినుండియో, ఎన్నడును చూడనివాడొకడు అతని నామమును తప్పులేకుండ పలుకును.